చాలన్నాక ఒక చుక్క

ఇప్పుడు నెయ్యికి మంచిరోజులు వచ్చాయి. రోజూ పొద్దున్నే నా ఫోనుకి ఎవరో ఒకరు నెయ్యి అమృతమనీ, రెండు గరిటెలు తాగితే మోకాళ్ల దగ్గర్నుంచి మెదడు దాకా అన్నీ బాగుపడతాయనీ సందేశాలు పంపిస్తున్నారు. పంపేవాళ్లలో సగంమంది ఒకప్పుడు నా మాట విని నెయ్యి మానేసినవాళ్లే. ముప్పయ్యేళ్లు ఆసుపత్రుల్లో డైటీషియన్‌గా పనిచేసి, రిటైరయ్యి రాజమండ్రిలో కాలక్షేపం చేస్తున్న నేను వాటికి జవాబు ఇవ్వను. ఇవ్వడానికి మొహం చెల్లదు. ఎందుకు చెల్లదో ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను నర్సాపురం వైపు ఒక పట్టణంలో పెద్దాసుపత్రిలో చేసేదాన్ని. మనుషుల పేర్లు చెప్పను. అందరూ బతికే ఉన్నారు, అందరికీ చదువొచ్చు. నా గది ఎక్స్‌రే గది పక్కన ఉండేది. అందులో ఒక బల్ల, మూడు కుర్చీలు, కొలతలు చూపించడానికి రబ్బరు ఇడ్లీలు, రబ్బరు అరటిపండు, ఒక బరువు తూచే మిషను. మిషను పాడైతే బాగుచేయించమని పైకి రాశాను. ఆ కాగితం ఇంకా ఏదో ఒక బల్ల మీద ఉండే ఉంటుంది.

నా గొప్పతనమంతా ఇంకో కాగితంలో ఉండేది. అది నేనే తయారుచేశాను. ఎడమవైపు ఎర్రసిరాతో మానవలసినవి: నెయ్యి, వెన్న, మీగడ, గడ్డపెరుగు, వేపుళ్లు. కుడివైపు పచ్చసిరాతో తినవలసినవి. అన్నిటికన్నా కింద కాస్త చోటు మిగిలింది కదా అని ‘కొవ్వు లేని పదార్థాలు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు’ అని ఒక వాక్యం చేర్చాను. మిగిలిన చోటుని మిగిలినట్టే వదిలేయాలని నాకు అప్పటికి తెలియదు.

ఇక్కడ మా వైపు వడ్డన గురించి రెండు ముక్కలు చెప్పాలి. ముద్దపప్పులోకో ఆవకాయలోకో నెయ్యి వేసేటప్పుడు తినేవాళ్లు చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అంటారు. అన్న తర్వాత వడ్డించేవాళ్లు ఇంకొంచెం వేస్తారు. ఆ రెండోసారి పడేదే అసలు మర్యాద. చాలనగానే గరిటె వెనక్కి తీసుకుంటే, ఆ ఇంట్లో మీరంటే ఇష్టం లేదనో, మీరేదో తప్పు చేశారనో అర్థం. నేనూ ఈ గోదారి నీళ్లు తాగి పెరిగినదాన్నే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఎర్రసిరాతో రాశాను.

ఒకరోజు గుండె డాక్టరు గారు ఒక షావుకారు గారిని నా గదికి పంపించారు. బజార్లో పెద్ద కిరాణా కొట్టు. గుండెనొప్పి వచ్చి, స్టెంట్ వేయించుకుని, వారం రోజులు మా దగ్గరుండి ఇంటికి వెళ్లబోతున్నారు. చీటీ వెనకాల డాక్టరు గారు నాకోసం ఒక మాట రాశారు. రెండోసారి వస్తే ఇక్కడిదాకా తీసుకురావడం కష్టం, తిండి సంగతి మీరే చూడాలి అని. షావుకారు గారి వెంట ఆయన భార్య వచ్చింది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని చేతిసంచిని ఒళ్లో పెట్టుకుంది.

“నెయ్యి పూటకి ఎన్ని చెంచాలు వేసుకుంటారండి?” అని మొదలుపెట్టాను.

“చెంచాలేంటండి? చాలన్నదాకా వేస్తుందండి మా ఆవిడ.”

“చాలని ఎప్పుడంటారు?”

“అన్నాక కూడా వేస్తుందండి,” అన్నారు ఆయన, కాస్త గర్వంగానే.

ఆవిడ తల వంచుకుని నవ్వింది. రోజూ గేదె పాలు పోయించుకుని, కాచి, తోడుపెట్టి, చిలికి, మునగాకు వేసి వెన్న కాస్తుందట. గిన్నె అడుగున మిగిలిన గసిలో వేడన్నం కలిపి పెడితే చిన్నప్పట్నుంచీ ఆయనకి ప్రాణమట. అదంతా ఆవిడ నాకు చెబుతుంటే నాకు నోరూరింది. నోరూరిన కోపంలోనో ఏమో, నా దగ్గర బాగా పనిచేసే ఒక మాట తీసి వాడాను. చాలామంది ఆడవాళ్ల మీద అంతకుముందే వాడిన మాట అది.

“అమ్మా, ఈయన్ని ఇక్కడిదాకా తీసుకొచ్చింది గుండె కాదు. మీ చెయ్యి.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. సంచి మీద ఉన్న చేతుల్ని కొంగు కిందికి తీసుకుంది. తల ఎత్తకుండానే అడిగింది.

“చెంచాడు కూడా వద్దాండి?”

“వాసన కూడా వద్దు,” అన్నాను. ఎర్రసిరా కాగితం ఇచ్చి పంపించాను. ఆ రోజు నా పని బాగా చేశానని తృప్తిగా టీ తాగాను. టీతో పాటు ఎదురు బేకరీ నుంచి ఒక పఫ్, నాలుగు బిస్కెట్లు. అది నా రోజువారీ అలవాటు. నెయ్యి మాత్రం ఆ కాగితం రాసిన నాటి నుంచి నేనూ ముట్టలేదు. చెప్పేవాళ్లు ఆచరించాలి కదా.

షావుకారు గారి లాంటి పేషెంటు ప్రతి డైటీషియన్‌కీ జీవితంలో ఒక్కరైనా దొరకాలి. ఏం తిన్నారో రోజూ రాసి తెమ్మంటే అందరూ సాకులు చెబుతారు. ఆయన వంద పేజీల నోటుపుస్తకం కొని, అట్ట వేసి, నెలనెలా తెచ్చి చూపించేవారు. పొద్దున ఇడ్లీ మూడు, నెయ్యి లేదు. మధ్యాహ్నం అన్నం, తోటకూర పప్పు, నెయ్యి లేదు. రాత్రి పుల్కాలు రెండు, నెయ్యి లేదు. పండగ రోజు పూర్ణాలు కూడా రెండే, నెయ్యి లేదు. ఆ నోటుపుస్తకాన్ని నేను స్టాఫు అందరికీ తిప్పి తిప్పి చూపించాను. పొద్దున టిఫినుకీ మధ్యాహ్నం అన్నానికీ మధ్య ఏం జరుగుతోందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పుస్తకంలో అంత ముత్యాల్లాంటి అక్షరాలుంటే ఇంకేం అడుగుతాం?

మా వార్డు ఆయమ్మ ఒక్కతే ఆ పుస్తకం చూసి పెదవి విరిచింది. మొగల్తూరు అవతల సముద్రపొడ్డు పల్లె ఆమెది, చేపల వేటకి వెళ్లే కుటుంబం. చేపల పులుసు, మజ్జిగన్నం తిని పెరిగిన మనిషి. “ఈ తిండికి ఆయన సన్నబడాలి కదండి అమ్మగారు, చొక్కా బొత్తాలు పట్టట్లేదేంటండి?” అంది. మిషను పాడైంది కాబట్టి ఆ ప్రశ్నకి నా దగ్గర శాస్త్రీయమైన జవాబు లేదు. “స్టెంట్ పడ్డాక కొందరికి అలాగే ఉంటుంది,” అన్నాను. ఎక్కడా చదివింది కాదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది.

ఆరు నెలలు గడిచాయి. ఆసుపత్రిలో గుండె ఆరోగ్యం మీద సభ పెట్టారు. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారు. మంచి పేషెంటునొకణ్ని వేదిక ఎక్కిద్దామని డాక్టరు గారు అంటే, నేను క్షణం ఆలోచించకుండా షావుకారు గారి పేరు చెప్పాను. మొదట్లో చేసిన రక్తపరీక్ష పక్కన ఇప్పటిది పెట్టి చదువుదామని కూడా నేనే అన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

సభ రోజు పొద్దున ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది.  చెడ్డ కొవ్వు తగ్గలేదు. రక్తంలో మిగతా కొవ్వులు పెరిగాయి. ఇంతకుముందు లేని షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఇంకెవరి రిపోర్టో అనుకుని పేరు మూడుసార్లు చదివాను. ఆయనదే. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా బ్యాగులో పడేశాను.

వేదిక మీద షావుకారు గారు తెల్లచొక్కాలో నిలబడి మాట్లాడారు. “అమ్మగారు చెప్పారండి, నేను చేశానండి. ఆరు నెలలుగా నెయ్యి మొహం చూసింది కాదు మా ఆవిడ, చూసినవాణ్ని కాదు నేను. ఇంట్లో కవ్వం కూడా అటకెక్కించేశామండి.” జనం చప్పట్లు కొట్టారు. మొదటి వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది. ఆవిడ కొట్టలేదు.

డాక్టరు గారు మైకు నావైపు తిప్పి, “కొత్త రిపోర్టు చదవండమ్మా,” అన్నారు.

“ఇంకా రాలేదండి,” అన్నాను.

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధాలు కొన్ని ఉన్నాయి. సెలవు చీటీల్లో రాసినవి, తనిఖీలప్పుడు చెప్పినవి. వాటి గురించి నాకు బాధ లేదు. ఈ ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నామీద నమ్మకంతో నిలబడ్డ మనిషి ప్రాణం సంగతి బ్యాగులో పెట్టుకుని, నా పరువు కోసం నవ్వుతూ చెప్పాను.

సభ అయ్యాక ఫలహారాలు పంచారు. గుండె ఆరోగ్యం మీద సభ కాబట్టి ప్రతి డబ్బాలోనూ ఒక మైసూర్‌పాక్, ఒక పఫ్, కాసింత మిక్స్చరు పెట్టారు. షావుకారు గారు ఆ డబ్బా ముట్టుకోలేదు. తన తరఫున అందరికీ పంచమని కొట్టు నుంచి రెండు అట్టపెట్టెల బిస్కెట్లు తెప్పించారు. ప్యాకెట్టు మీద ఎర్ర గుండె బొమ్మ, దానికింద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాలు. ఆయమ్మ వాటిని పంచుతూ ఆయనకీ ఒకటి ఇవ్వబోయింది. ఆయన వద్దని తన చేతిసంచిలోంచి అలాంటిదే ఇంకో ప్యాకెట్టు తీశారు. అప్పటికే సగం అయిపోయి ఉంది.

“అదేంటండి, ఇదీ అదీ ఒకటే కదండి,” అంది ఆయమ్మ.

“ఒకటే కాదమ్మా. అది కొత్త సరుకు, జనానికి. ఇది ఈ వారంతో డేటు అయిపోతుంది. నేను చూసుకుంటాను.”

నేను పక్కనే పఫ్ కొరుకుతున్నాను. కొరికిన ముక్క నోట్లోనే ఉండిపోయింది.

“షావుకారు గారూ, ఇవి రోజూ తింటారా?” అని అడిగాను.

“తినడమేంటండి?” అన్నారాయన నిజంగా ఆశ్చర్యపోయి. “ఖాళీ చేస్తామండి. డేటు దగ్గరపడ్డ సరుకు కంపెనీవాళ్లు వెనక్కి తీసుకోరు. జనానికి అంటగట్టడం మా ఇంటా వంటా లేదండి. పారేస్తే లక్ష్మిని పారేసినట్టు. అందుకని మా తాతల నాటి నుంచీ అలాంటివి ఇంటికే వస్తాయండి. గల్లా దగ్గర కూర్చున్నప్పుడు నేను కొన్ని, ఇంటి దగ్గర ఆవిడ కొన్ని.”

“మరి పుస్తకంలో రాయలేదేం?”

“మీరు తిన్నవి రాయమన్నారు కదండి.”

ఆయమ్మ నావైపు చూసింది.  తర్వాత షావుకారు గారి చొక్కా బొత్తాల వైపు చూసింది.

నెయ్యి మానకముందు ఎన్ని ప్యాకెట్లు ఖాళీ చేసేవారని అడిగాను. ముందు ఎక్కువ లేదట. పప్పూ నెయ్యీ వేసుకుని కడుపునిండా అన్నం తిన్న మనిషికి సాయంత్రం దాకా ఆకలెక్కడిది? నెయ్యి ఆపాక పదకొండింటికల్లా నీరసం. నాలుగింటికి మళ్లీ నీరసం. అప్పుడు నా కాగితం తీసి చూసుకున్నారట. కొవ్వు లేని పదార్థాలు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ప్యాకెట్టు మీద కొలెస్ట్రాల్ లేదని రాసి ఉంది. ఆయన దృష్టిలో రెండూ ఒకే మాట. ఆ మాటకొస్తే బెల్లంలోనూ కొలెస్ట్రాల్ లేదు, సున్నంలోనూ లేదు. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు. బిస్కెట్లు, రస్కులు, ఓట్సు పేరు పెట్టుకున్న తీపి ముక్కలు, ఉప్పు చిప్స్, పొడి కలుపుకుని తాగే సూపులు, అన్నీ నా సంతకంతో ఆయన లోపలికి వెళ్లాయి.

ఆ రోజే మొదటిసారి కళ్లజోడు పెట్టుకుని ఆ ప్యాకెట్టు వెనక చదివాను. మైదా, పంచదార, పామాయిల్, ఉప్పు. అన్నేళ్ల సర్వీసులో ఒక ప్యాకెట్టుని వెనక్కి తిప్పి చదివిన పాపాన పోలేదు. నా సాయంత్రపు నాలుగు బిస్కెట్లవీ చదివాను. అదే కుటుంబం.

డాక్టరు గారి గదికి వెళ్లి రిపోర్టు బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చదివి కళ్లజోడు తీశారు. “అంటే ఆరు నెలలు కష్టపడి నెయ్యి మానిపించి పామాయిల్ తినిపించామన్నమాట,” అన్నారు. ‘తినిపించాము’ అనడం ఆయన మంచితనం.

వస్తానని కబురు పెట్టి మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. కొట్టు వెనకే ఇల్లు. లోపలి గదిలో ఒక చెక్క అర నిండా ప్యాకెట్లు, డేటు ముందు అయిపోయేవి ముందు వరసలో, తర్వాత అయిపోయేవి వెనక వరసలో. ఆసుపత్రి మందుల గది కూడా అంత పద్ధతిగా ఉండేది కాదు. షావుకారమ్మ గారు నాకు కుర్చీ వేసింది. నేను రిపోర్టు చూపించి, తప్పు నాదేననీ, అడగవలసింది అడగలేదనీ చెప్పాను. నెయ్యి మితం లేకుండా వేయడం నిజంగానే మంచిది కాదు, కానీ దాన్ని ఆపినచోట ఏం చేరుతోందో చూడకపోవడం అంతకన్నా పెద్ద తప్పు, రోజుకి ఒక చిన్న చెంచాడు వేసుకోవచ్చు, ఈ అర మాత్రం ఖాళీ కావాలి, ఆయన కడుపులోకి కాదు అన్నాను. మందు సీసాతో వచ్చే చిన్న కొలతమూత ఒకటి తీసుకెళ్లాను. అది చూపించి, రోజు మొత్తానికి ఇందులో మొదటి గీత దాకానే అని చెప్పాను.

ఆవిడ మూత తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఆ రోజు మీరు నెయ్యి అని ఉంటే ఊరుకుందునండి,” అంది నెమ్మదిగా. “నా చెయ్యి అన్నారు. ఆరు నెలలండి, ఆయనకి అన్నం పెట్టాలన్నా చెయ్యి వచ్చేది కాదు. గిన్నెలు బల్ల మీద పెట్టేసి పక్కకెళ్లిపోయేదాన్ని. ఆ ప్యాకెట్లకైతే వడ్డన అక్కర్లేదు కదండి. ఆయనే చింపుకుంటారు.”

క్షమించండి అన్నాను. ఆ మాట చాలా చిన్నదిగా వినిపించింది. 

భోజనం వేళైంది, తిని వెళ్లమంది. నేను వచ్చే సంగతి ముందే తెలిసి, పొద్దున్నే వెన్న తెప్పించి కాచినట్టుంది. ఇల్లంతా మునగాకు వాసన. పప్పు వడ్డించింది. నా అన్నం మీద గరిటెతో నెయ్యి వేయడం మొదలుపెట్టింది. వాసన కూడా వద్దన్న మనిషిని, ఆ వాసన మధ్య కూర్చుని చెయ్యి అడ్డం పెట్టాను.

“చాలండి.”

ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్క బొట్టు కూడా పడలేదు. గరిటె గిన్నెలో పెట్టి, “మీ లెక్క ప్రకారం సరిపోయిందాండి?” అని మర్యాదగా అడిగింది. మా వైపు దీనికి అర్థమేమిటో మీకు మొదట్లోనే చెప్పాను. పెట్టింది తినేసి వచ్చాను.

ఆ తర్వాత పని అంతా ఆవిడే చేసింది. నేను చేశానని ఫైల్లో ఉంది. అటకెక్కిన కవ్వం దిగింది. మీగడ తీసిన పెరుగుతో పల్చటి మజ్జిగ చేసి పదకొండింటికి కొట్టుకి పంపించేది. నాలుగింటికి గుప్పెడు వేయించిన శనగలు పట్టుకుని తనే వెళ్లి గల్లా పక్కన కూర్చునేది. తీసిన మీగడ వెన్నయ్యి, నెయ్యయ్యి, కొలతమూతలో ఆయన అన్నం మీదికి వచ్చేది. డేటు సరుకు సంగతి మాత్రం తేలడానికి నెల పట్టింది. అమ్మడం పాపం, పారేయడం పాపం, తినడం ప్రమాదం. “ఖాళీ చెయ్యలేనంత తెప్పించడం ఎందుకండి?” అని ఆవిడే ఒకరోజు ఆయన్ని అడిగిందట. తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ రాని ఆలోచన. చెక్క అర మెల్లగా ఖాళీ అయింది. అందులో ఇప్పుడు ఆవకాయ జాడీలు పెట్టుకున్నారు. ఉప్పు సంగతి గుర్తుచేద్దామని నోటిదాకా వచ్చింది కానీ, నాక్కూడా కాస్త బుద్ధి వచ్చింది కాబట్టి మరోసారికి వాయిదా వేశాను.

తర్వాతి రిపోర్టులో అంకెలు దిగాయి. అద్భుతంగా ఏమీ కాదు, మర్యాదగా దిగాయి. ఆయన ఇప్పటికీ గల్లా దగ్గరే కూర్చుంటున్నారు. నేను ఆ ఎర్రసిరా కాగితం మార్చాను. కింది వాక్యం తీసేసి ఆ చోటు ఖాళీగా వదిలాను. పేషెంట్లు వస్తే ‘ఏం తింటారు’ అని అడిగిన తర్వాత ‘ఏం ఖాళీ చేస్తారు’ అని కూడా అడగడం మొదలుపెట్టాను. పిల్లలు వదిలేసినవి ఖాళీ చేసే తల్లులు, ఆఫీసులో మీటింగు మిగిలినవి ఖాళీ చేసే గుమాస్తాలు, ఎంతమంది బయటపడ్డారో. పఫ్ కూడా మానేశాను, వారానికి ఒక్కటి తప్ప.

నేను రిటైరయ్యే వారం షావుకారు గారు భోజనానికి పిలిచారు. ఆ మొదటి భోజనం తర్వాత ఆ ఇంట్లో నేను తినడం అదే. బల్ల మీద కొలతమూత ఉంది, అంచులు అరిగి, అంకెలు చెరిగిపోయి. ఆవిడ దాంతో కొలిచి ఆయన అన్నం మీద వేసింది. తర్వాత నా దగ్గరికొచ్చి మూత పక్కన పెట్టి గరిటె తీసుకుంది. పప్పన్నం మీద సన్నగా ధార పడింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“చాలండి.”

గరిటె ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత నా వేళ్ల పక్కనుంచి ఇంకో చుక్క పడింది.

ఆ చుక్క నా కాగితంలో ఏ వరుసలోనూ లేదు. మొత్తం కలుపుకుని తిన్నాను.